రెండో గడియారం

కాలం నడక మారితే మనకు తెలుస్తుందా? ఈ ప్రశ్న మీద ఒక మామయ్యకీ మేనకోడలికీ నడిచిన వాదన ఇది. మామయ్య లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో పనిచేసి రిటైరైన విద్యుత్ ఇంజనీరు. మేనకోడలు పల్సార్ల మీద, అంటే గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాల మీద, పరిశోధన చేస్తోంది. ఆయన వినకుండా కొట్టిపారేయడు, ఆమె పుస్తకంలో ఉందని ఒప్పుకోదు. అందుకే ఇద్దరి మాటల్నీ వాళ్ల వరసలోనే ఇస్తున్నాను. నాకు తోచింది మధ్యలో ఒకచోట చెప్తాను.

మామయ్య: 2023లో పేపర్లన్నీ రాశాయి కదా, విశ్వం పుట్టిన కొత్తలో కాలం ఐదు రెట్లు నెమ్మదిగా నడిచిందని. అప్పటినుంచి నిన్ను అడగాలనే ఉంది. గడియారం నెమ్మదిస్తే కాలం నెమ్మదించినట్టేనా? మా కంట్రోల్ రూంలో గోడ మీద రెండు గడియారాలుండేవి. ఒకటి క్వార్ట్జ్. రెండోది గ్రిడ్ కరెంటుతోనే తిరిగే సింక్రనస్ మోటారుది. ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 ఉన్నంతసేపూ రెండూ కలిసి నడుస్తాయి. 49.5కి దిగిందంటే మోటారుది గంటకి 36 సెకన్లు వెనకబడుతుంది. అప్పట్లో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ వేరు, 2013 డిసెంబర్ 31న గాని మిగతా దేశంతో కలవలేదు. ఎండాకాలంలో లోడ్ మీదపడితే షిఫ్టు దిగేసరికి ఆ ముల్లు నిమిషాల కొద్దీ వెనక ఉండేది. ఈ రాత్రి దక్షిణ భారతంలో కాలం మెల్లగా నడిచింది అని మేమెవరమైనా లాగ్‌బుక్‌లో రాశామా? లోడ్ ఎక్కువ, జనరేషన్ తక్కువ అని రాశాం.

మేనకోడలు: తప్పు గ్రిడ్‌దేనని మీకెలా తెలిసింది?

మామయ్య: పక్కన క్వార్ట్జ్ ఉంది కదా.

మేనకోడలు: క్వార్ట్జే ముందుకు పరిగెత్తిందేమో.

మామయ్య: దాన్ని రేడియో టైంతో సరిచూసేవాళ్లం, తర్వాత జీపీఎస్ వచ్చింది. పైగా ఫ్రీక్వెన్సీ ఎందుకు పడిందో మాకు తెలుసు. లోడ్ మీటర్లో కళ్లముందే కనిపిస్తుంది.

మేనకోడలు: అంటే మీరు రెండు పనులు చేశారు. గడియారాల మధ్య తేడా చూశారు. ఆ తేడాకి కారణం వాటిలో ఒక్కదాన్నే అంటిపెట్టుకుని ఉందని తేల్చారు. మేం చేసేదీ అదే మామయ్యా. మీరు గ్రిడ్ గడియారం మీద వేసిన నింద ఒకప్పుడు ఖగోళశాస్త్రజ్ఞులు ఏకంగా భూమి మీద వేశారు.

మామయ్య: అదెలా?

మేనకోడలు: సెకను అంటే రోజులో 86,400వ వంతు అని ఉండేది కదా, అంటే గడియారం భూమే. ఆ గడియారంతో చూస్తే చంద్రుడు పట్టికల్లో ఉన్న చోటికి కాస్త ముందూ వెనకా వస్తున్నాడు. మొదట చంద్రుణ్ణే అనుమానించారు. 1939లో గ్రీనిచ్‌లో హెరాల్డ్ స్పెన్సర్ జోన్స్ సూర్యుడు, బుధుడు, శుక్రుడు కూడా అలాగే తప్పుతున్నారా అని లెక్కకట్టాడు. చంద్రుడి సొంత మార్పు తీసేస్తే మిగిలిన తేడా అందరిలోనూ ఉంది. అదీ ఎవరి వేగానికి తగ్గ పాళ్లలో వాళ్లకి. ఒకరికొకరు సంబంధం లేనివాళ్లంతా ఒకే నిష్పత్తిలో తప్పుతున్నారంటే దోషం వాళ్లది కాదు, మన చేతిలో ఉన్న గడియారానిది. భూమి తిరగడమే ఒడిదుడుకులుగా ఉంది. అది కాకుండా సముద్రపు ఆటుపోట్ల రాపిడి దాన్ని నిలకడగా నెమ్మదింపజేస్తూ వస్తోంది. రోజు శతాబ్దానికి సుమారు 1.7 మిల్లీసెకన్లు పెరుగుతోంది.

మామయ్య: అప్పుడు భూమిని ఉద్యోగంలోంచి తీసేశారన్నమాట.

మేనకోడలు: 1955లో ఇంగ్లండ్‌లోని టెడ్డింగ్టన్‌లో ఎసెన్, ప్యారీ సీజియం గడియారం నడిపించారు. 1967లో సెకను నిర్వచనమే మారింది. సీజియం-133 పరమాణువులో ఒక ప్రత్యేకమైన కంపనం 9,192,631,770 సార్లు జరిగితే సెకను.

మామయ్య: మంచిది. ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఈ రాత్రి పన్నెండింటికి సీజియం, క్వార్ట్జ్, భూమి, చంద్రుడు, నా గుండె, నా ఆలోచన అన్నీ ఒకేసారి సగం వేగానికి దిగాయనుకో. నీకు తెలుస్తుందా?

మేనకోడలు: తెలియదు.

మామయ్య: ఇంత పెద్ద యంత్రాలు పెట్టుకుని కూడానా?

మేనకోడలు: ఎంత పెద్దవి పెట్టుకున్నా అంతే. అన్నీ సగమైతే దేనితో పోల్చి సగమంటాం? సెకనుకి ఎన్ని సెకన్లు అని అడిగినట్టుంటుంది. దాన్ని పట్టుకోవాలని ఏ భౌతికశాస్త్రజ్ఞుడైనా బయల్దేరితే నేను వద్దంటాను. కానీ కాలం నడకలో మార్పు అంటే అదొక్కటే కాదు. ఇక్కడికీ అక్కడికీ తేడా ఉందా అని అడగొచ్చు. అప్పటికీ ఇప్పటికీ ఏదైనా నిష్పత్తి మారిందా అని అడగొచ్చు. వీటికి జవాబులున్నాయి, కొలిచాం కూడా.

మామయ్య: ఇక్కడికీ అక్కడికీ అంటే ఆ హార్వర్డ్ టవర్ సంగతేనా?

మేనకోడలు: అదే. పౌండ్, రెబ్కా 1960లో ప్రకటించారు. 22.5 మీటర్ల ఎత్తు. ఇనుము-57 కేంద్రకం నుంచి వచ్చే గామా కిరణం పౌనఃపున్యం కిందికీ పైకీ మధ్య నాలుగు కోట్ల కోట్లలో ఒక వంతు తేడా వచ్చింది. ఐన్‌స్టైన్ చెప్పింది అంతే.

మామయ్య: అది కిరణం పైకెక్కుతూ అలసిపోయిందని కూడా చెప్పొచ్చు కదా. కింద గడియారం, పైన గడియారం రెండూ బాగానే ఉన్నాయి, దారిలో కబురే మారింది అంటాను.

మేనకోడలు: అయితే కబురు వద్దు, గడియారాన్నే తీసుకెళ్లి వెనక్కి తెద్దాం. 1971 అక్టోబర్‌లో హాఫెలే, కీటింగ్ నాలుగు సీజియం గడియారాల్ని మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. ఒకసారి తూర్పు వైపు, ఒకసారి పడమర వైపు. తిరిగొచ్చాక ఇంట్లో ఉన్నవాటి పక్కన పెట్టి చూస్తే తూర్పు ప్రయాణంలో సగటున 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమర ప్రయాణంలో 273 నానోసెకన్లు ముందున్నాయి. ఎత్తు వల్ల ముందుకి, వేగం వల్ల తూర్పు ప్రయాణంలో వెనక్కి, పడమర ప్రయాణంలో ముందుకి అని లెక్క వేస్తే కొలతలోని అనిశ్చితి మేరకు సరిపోయింది. పక్కపక్కన పెట్టిన రెండు గడియారాలు చూపించే తేడాకి దారిలో అలసట కారణం కాదు కదా.

మామయ్య: కాదు. కానీ ప్రయాణంలో యంత్రం దెబ్బతింది అనొచ్చు. 1672లో రిషేర్ అనే ఫ్రెంచాయన పారిస్ లోలకపు గడియారాన్ని భూమధ్యరేఖ దగ్గర కయెన్‌కి తీసుకెళ్తే రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ కాలం నెమ్మదని ఎవరూ అనలేదు. అక్కడ భూమి లాగుడు తక్కువ, లోలకం మెల్లగా ఊగింది అన్నారు. నీ సీజియం కూడా అంతే ఎందుకు కాకూడదు? గురుత్వం దాని లోపలి యంత్రాన్ని ముట్టుకుంటోంది, కాలాన్ని కాదు.

మేనకోడలు: ఇది గట్టి ప్రశ్న. కయెన్‌కి లోలకంతో పాటు స్ప్రింగు వాచీ కూడా తీసుకెళ్తే అది మందగించదు. రెండూ విడిపోతాయి, తప్పు లోలకానిదని తెలిసిపోతుంది. ఎత్తు విషయంలో అలా విడిపోవడం లేదు. సీజియం, హైడ్రోజన్, అల్యూమినియం అయాన్, స్ట్రాన్షియం, ఇనుము కేంద్రకం, ఏది తీసుకెళ్లినా ఒకే పాళ్లలో మారుతుంది. వాటి లోపలి పనితీరుకి ఒకదానికొకటి పోలికే లేదు.

మామయ్య: ఆగాగు. ఇందాక సూర్యుడు, చంద్రుడు, బుధుడు ఒకే నిష్పత్తిలో తప్పితే దోషం గడియారానిదన్నావు. ఇప్పుడు అన్ని గడియారాలూ ఒకే నిష్పత్తిలో మారితే దోషం గడియారాలది కాదంటున్నావు. నీకు కావలసినట్టు తిప్పుకుంటున్నావు.

(ఇక్కడే నా మాట. ఈ వాదనలో మామయ్య అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ పదునైనది ఇదేనని నా అభిప్రాయం. సాపేక్షత గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు కవలల కథ చెప్పి, ఒకడు ముసలివాడయ్యాడని తేల్చేసి వెళ్లిపోతాయి. గడియారం తప్పా, కాలం మారిందా అని ఏ ఆధారంతో తీర్పిస్తున్నామో చెప్పవు. అది చెప్పకపోతే మిగతాదంతా నమ్మకం మీద నడిచే వ్యవహారమే.)

మేనకోడలు: సూత్రం ఒకటే మామయ్యా, పక్షాలు మారాయి. స్పెన్సర్ జోన్స్ దగ్గర ఒకవైపు ఒక్క భూమి, రెండోవైపు అందరూ. ఒంటరిగా మిగిలినవాడిదే తప్పు. టవర్ దగ్గర ఒకవైపు కింద ఉన్న గడియారాలన్నీ, రెండోవైపు పైన ఉన్నవన్నీ. కింద ఉన్నవి తమలో తాము కలిసే ఉన్నాయి, పైన ఉన్నవీ కలిసే ఉన్నాయి. ఎవరూ ఒంటరిగా మిగల్లేదు, తప్పు మోపడానికి మనిషి దొరకడు. ఒకచోట ఉన్న గడియారాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న నడకనే అక్కడి కాలం అంటున్నాం. అంతకుమించి కాలం అనే వేరే వస్తువు వెనకెక్కడో దాక్కుని ఉందని నేననడం లేదు.

మామయ్య: గురుత్వం అన్ని యంత్రాల్నీ ఒకేలా లాగే తెలివైన శత్రువు అనుకో. అప్పుడు?

మేనకోడలు: లాగడం అనే మాటే నిలబడదు. లోలకానికి కావలసింది లాగుడు బలం. ఎత్తు గడియారాలకి కావలసింది లాగుడు కాదు, పొటెన్షియల్, అంటే అక్కడినుంచి బయటపడాలంటే ఎంత శక్తి కావాలన్నది. భూమి నట్టనడుమ అన్ని వైపుల లాగుళ్లూ రద్దయిపోతాయి, బరువు సున్నా. మీ లెక్కన అక్కడ గడియారం స్వేచ్ఛగా నడవాలి. ఐన్‌స్టైన్ లెక్కన అన్నిటికంటే మెల్లగా నడవాలి. ఆ లెక్క పూర్తిగా వేస్తే భూగర్భం పైపొర కంటే సుమారు రెండున్నరేళ్లు చిన్నది.

మామయ్య: భూమి నడుమకి ఎవరూ గడియారం పట్టుకెళ్లలేదు కదా.

మేనకోడలు: లేదు. అది లెక్కే. అయితే లాగుడు పాత్ర ఎంతో చూసిన ప్రయోగం ఒకటుంది. 1977లో సెర్న్‌లో మ్యూయాన్లు అనే క్షణభంగుర కణాల్ని వలయంలో తిప్పారు. నిశ్చలంగా ఉన్న మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఆ వేగంలో 64 మైక్రోసెకన్లు బతికాయి, వేగాన్ని బట్టి వేసిన లెక్కకి సరిగ్గా. వలయంలో మలుపు తిరిగేటప్పుడు వాటి మీద పడే త్వరణం భూమి గురుత్వానికి కోటి కోట్ల రెట్లు, దానికి మళ్లీ పదివేల రెట్లు. అంత తోపుడుకి అదనంగా ఏ మార్పూ రాలేదు. పైగా మ్యూయాన్‌కి స్ప్రింగు లేదు, పళ్ల చక్రం లేదు, దెబ్బతినడానికి లోపల ఏ యంత్రమూ లేదు.

మామయ్య: హూ. దీని గురించి ఆలోచించుకోవాలి. సరే, నాకు తెలిసిన చోటికి రా. సబ్‌స్టేషన్లలో వోల్టేజి ఫేజ్ కోణం కొలవడానికి జీపీఎస్ టైం వాడతాం. ఉపగ్రహం గడియారం ఎత్తు వల్ల రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకి, వేగం వల్ల 7 వెనక్కి, మొత్తం 38 ముందుకి పోతుందంటారు. మాకు 50 హెర్ట్జ్ మీద ఒక డిగ్రీ అంటే 55.6 మైక్రోసెకన్లు. సవరించకపోతే రోజుకి డిగ్రీలో మూడింట రెండు వంతుల తప్పు.

మేనకోడలు: చూశారా, గ్రిడ్డే కూలిపోతుంది!

మామయ్య: కూలదు తల్లీ. నువ్వు సబ్‌స్టేషన్ చూడలేదు. విజయవాడా, రామగుండం రెండూ అవే ఉపగ్రహాల నుంచి టైం తీసుకుంటాయి. రెండింటికీ అదే తప్పు. మాకు కావలసింది వాటి కోణాల మధ్య తేడా. ఉమ్మడి తప్పు తీసివేతలో ఎగిరిపోతుంది.

మేనకోడలు: మామయ్యా, నేను ఇందాకటి నుంచి చెప్పాలని తంటాలు పడుతున్నది మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు. ఉమ్మడి మార్పు కనపడదు. తేడా ఒక్కటే కనపడుతుంది.

మామయ్య: మరి ఉపగ్రహం గడియారం నిజంగా ముందుకి పోతుందని ఇంజనీర్లు చూశారా, లేక మీవాళ్లు చెప్పారని సవరించారా?

మేనకోడలు: చూశారు. 1977లో ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహంలో సీజియం గడియారం పంపారు. ఈ సవరణ అవసరమా అని కొందరికి మీలాగే సందేహం. అందుకని సవరణ పరికరం పెట్టారు గానీ ఆన్ చేయలేదు. సుమారు 20 రోజులు ఊరికే నడవనిచ్చారు. లక్ష కోట్లలో 442.5 భాగాలు వేగంగా నడిచింది. సిద్ధాంతం 446.5 అంది. అప్పుడు స్విచ్ వేశారు.

మామయ్య: అది పద్ధతి. నమ్మేముందు స్విచ్ ఆపి చూడటం. సరే, నీ పల్సార్లతో ఏం చేస్తున్నావు?

మేనకోడలు: మీ కంట్రోల్ రూం గోడనే పెద్దది చేసుకున్నాం. పుణె దగ్గర ఖోదద్‌లో జీఎంఆర్‌టీ ఉంది, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. సెకనుకి వందల సార్లు తిరిగే పల్సార్ల సంకేతాలు ఎప్పుడు అందాయో ఏళ్ల తరబడి రాసుకుంటాం. భారతదేశపు పల్సార్ బృందంలో ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. సంకేతం అనుకున్న దానికంటే ముందో వెనకో వస్తుంది, మైక్రోసెకనులో భాగమంత. ఆ తేడా ఎవరి వల్ల? ఒక్క పల్సార్‌లోనే ఉంటే దాని సొంత గొడవ. అన్ని పల్సార్లూ ఒకేసారి ఒకేలా తప్పితే...

మామయ్య: నీ గడియారం తప్పు.

మేనకోడలు: అంతే! భూమి మీద అటామిక్ క్లాకులు జారితే పల్సార్లన్నీ కలిసి ఆ సంగతి చెప్తాయి. ఆకాశంలో ఒక వైపువి ముందు, ఎదుటి వైపువి వెనక అయితే సౌరకుటుంబం కేంద్రం ఎక్కడుందన్న మన లెక్క తప్పు. ఈ రెండూ కాకుండా ఇంకో తీరు ఉంది. ఏ రెండు పల్సార్లనైనా తీసుకుంటే వాటి మధ్య కోణాన్ని బట్టి తేడాలు కలవాలి, లంబకోణం దాపుల్లో ఎదురు తిరగాలి, ఎదురెదురు దిక్కుల్లో మళ్లీ కొంత కలవాలి. హెలింగ్స్, డౌన్స్ 1983లో గీసిన వక్రరేఖ అది. గురుత్వ తరంగాలు భూమిని దాటిపోతుంటే అలా వస్తుంది. 2023 జూన్‌లో అమెరికా, యూరప్, భారత్, ఆస్ట్రేలియా, చైనా బృందాలు ఆ తీరుకి ఆధారం కనిపిస్తోందని ప్రకటించాయి. ఎంత తప్పింది అన్నదాన్ని బట్టి కాదు, ఎవరితో కలిసి తప్పింది అన్నదాన్ని బట్టి నేరస్థుణ్ణి పట్టుకుంటున్నాం.

మామయ్య: బాగుంది. అయినా ఇదంతా ఇప్పటి సంగతి. వెనకటి కాలం మాటేమిటి? రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి గడియారం ఎవరి దగ్గరుంది?

మేనకోడలు: గాబన్ దేశంలో దొరికింది. ఓక్లో యురేనియం గని. 1972లో ఫ్రాన్స్‌లో శుద్ధి చేసే కర్మాగారంలో ఒకరు ఖనిజంలో యురేనియం-235 వాటా చూస్తే ఉండాల్సిన 0.720 శాతం బదులు 0.717 ఉంది. ఎక్కడికి పోయిందని తవ్వుకుంటూ వెళ్తే, అది అక్కడే, నేలలోనే, సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట మండిపోయిందని తేలింది. అప్పట్లో యురేనియంలో 235 వాటా మూడు శాతం పైనే. భూగర్భ జలం న్యూట్రాన్లని నెమ్మదింపజేసింది, మనిషి చేయి పడకుండా అణు రియాక్టర్ నడిచింది. ఆ బూడిదలో సమారియం-149 ఉంది. అది న్యూట్రాన్లని మింగాలంటే వాటి శక్తి ఒక సన్నటి గీత మీద పడాలి, 0.097 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర. ఆ గీత కేంద్రక బలానికీ విద్యుత్ వికర్షణకీ మధ్య దాదాపు పూర్తిగా రద్దయిపోయి మిగిలిన చిల్లర. రెండు బలాల నిష్పత్తి ఇసుమంత మారినా గీత పక్కకి జరిగిపోతుంది, సమారియం మింగింది వేరే మోతాదు అవుతుంది. 1976లో ష్లయాఖ్టర్ ఆ మిగులు కొలతలతో లెక్క వేశాడు. గీత అప్పుడూ అక్కడే ఉంది. విద్యుత్ బలాన్ని చెప్పే 1/137 అనే సంఖ్య అప్పటినుంచి ఇప్పటికి కోటిలో ఒక వంతు కూడా మారలేదు.

మామయ్య: 1/137కి మీటర్లు, సెకన్లు లేవు కదా?

మేనకోడలు: లేవు, అందుకే అది పనికొస్తుంది. సెకన్లలో చెప్పే ఏ సంఖ్య మారినా సెకనే మారిందేమో అని మీరు అడ్డం పడతారు. వట్టి నిష్పత్తి మారితే ఎవరూ తప్పించుకోలేరు. 2008లో అమెరికాలో బౌల్డర్‌లో అల్యూమినియం అయాన్ గడియారాన్ని పాదరసం అయాన్ గడియారంతో దాదాపు ఏడాది పోల్చారు. 1/137 మారితే ఆ రెండూ వేరువేరు పాళ్లలో చెదరాలి. చెదరలేదు.

మామయ్య: మరి నా పేపరు వార్త?

మేనకోడలు: అందులో శీర్షిక విషయంలో నేను మీ పక్షమే. దూరపు గెలాక్సీల నడుమ వెలిగే 190 క్వేసార్ల వెలుగు హెచ్చుతగ్గుల్ని ఇరవై ఏళ్ల పాటు గమనించి లూయిస్, బ్రూవర్ చేసిన పని అది, మంచి పని. విశ్వం వయసు అప్పుడే వంద కోట్ల ఏళ్లు దాటిన కాలంలోని హెచ్చుతగ్గులు మనకి ఐదు రెట్లు సాగి కనిపిస్తాయి. విశ్వం విస్తరిస్తుంటే రెండు సంకేతాల మధ్య దూరం కూడా దారిలో సాగుతుంది. అక్కడే ఉన్నవాడికి సెకను సెకనే. ఇందాక టవర్ దగ్గర మీరన్న మాట ఇక్కడ సరిపోతుంది, దారిలో కబురే మారింది. అయితే కాంతి అలసిపోయి ఎర్రబడిందనే పాత ఊహ మాత్రం దీంతో పోయింది. అలసట రంగుని మార్చగలదు గానీ సూపర్‌నోవా మండి ఆరే రోజుల సంఖ్యని పెంచలేదు. 2024లో 1,504 సూపర్‌నోవాలు చూస్తే ఆ రోజులు రంగు సాగిన పాళ్లలోనే సాగాయి.

మామయ్య: ఒక్కటి అడుగుతాను, తప్పించుకోకుండా చెప్పు. గురుత్వం ముట్టుకుంటున్నది యంత్రాన్నే అన్న నా మాట నిజమని తేలాలంటే ఏం కనబడాలి?

మేనకోడలు: జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గర, 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో దూరం, 15.2 కోట్లు. సూర్యుడి గురుత్వం వల్ల మన గడియారాలన్నీ జనవరిలో జూలై కంటే వెయ్యి కోట్లలో మూడు భాగాలు నెమ్మదిస్తాయి. అన్నీ కలిసి నెమ్మదిస్తాయి కాబట్టి ఒకదాంతో ఒకటి పోలిస్తే ఏమీ కనబడకూడదు. బౌల్డర్ వాళ్లే హైడ్రోజన్ మేజర్ గడియారాలనీ సీజియం గడియారాలనీ 14 ఏళ్లు పోల్చి 2018లో ప్రకటించారు. జనవరికీ జూలైకీ వాటి నిష్పత్తిలో తేడా కనబడలేదు. కనబడి ఉంటే, అది ఎంత చిన్నదైనా, మీరే నెగ్గేవారు. గురుత్వం ఒక్కో యంత్రాన్ని ఒక్కోలా ముట్టుకుంటోందని అర్థం. టవర్ దగ్గర నేను చెప్పిందంతా వెనక్కి తీసుకోవలసి వచ్చేది.

మామయ్య: హైడ్రోజన్, సీజియం రెండూ ఎలక్ట్రాన్ల మీద నడిచేవే. ఒకే జాతివి. ఒకే జాతి సాక్షులు కలిసి చెప్తే నాకు చాలదు.

మేనకోడలు: సరిగ్గా అందుకే అందరూ థోరియం-229 వైపు చూస్తున్నారు. దాని టిక్కు కేంద్రకంలోంచి వస్తుంది, అక్కడ పనిచేసే బలమే వేరు. 8.4 ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి లేజర్‌తో కదిలించవచ్చు. 2024లో కదిలించారు, అదే ఏడాది దాన్ని స్ట్రాన్షియం గడియారంతో నేరుగా పోల్చారు కూడా. నిష్పత్తులు మారితే మామూలు గడియారాల కంటే అది వేల రెట్లు ఎక్కువగా చెదరాలని అంచనా. ఇంకా పూర్తిస్థాయి గడియారం కాలేదు.

మామయ్య: అయితే అది గడియారమయ్యాక ఒక జనవరి, ఒక జూలై చూసి నాకు అంకెలు పంపు. అప్పటిదాకా నా మాట మీద నేనుంటాను.

మేనకోడలు: ఉండండి. తేడా వస్తే మొదట మీకే ఫోన్ చేస్తాను.